బీజాపూర్ రోడ్డు మీద చెట్లు లెక్కపెట్టే పిల్లలు

రండి, కూర్చోండి. చలి ముదిరింది, మంట కాస్త ఎగదోస్తాను, చాయ్ కూడా పొయ్యి మీదనే ఉంది. ఇవాళ వాతావరణ న్యాయం గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకుందాం అంటే మీరు చెప్పులు వెతుక్కుంటారని నాకు తెలుసు. ఆ మాట వినపడగానే ఐక్యరాజ్యసమితి సభలు, కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు, నోరు తిరగని లెక్కలు గుర్తొస్తాయి. నేను అంత దూరం తీసుకుపోను లెండి. కొడంగల్‌లో బస్సెక్కితే పరిగి, మన్నెగూడ, చేవెళ్ల. అక్కడి దాకా వస్తే చాలు.

ముందు కంది సంగతి. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి నల్లరేగడి, దాని కింది సున్నపురాయి కలిసి ఆ పప్పుకు ఆ రుచినిస్తాయంటారు. కుక్కర్లో త్వరగా ఉడుకుతుంది, తొందరగా పాడవదు. అన్నీ నిజమే. కానీ గుర్తింపు పత్రం గోడకు భద్రంగా వేలాడుతుంది, పంట మాత్రం ఆకాశం కింద నిలబడాలి. పూత మీద ఉన్నప్పుడు మబ్బు పట్టి ముసురుకుంటే పూత రాలుతుంది, కాయతొలిచే పురుగు దిగుతుంది. కోసి కుప్పేసినంక వాన కొడితే ఆ కుప్పను చూసి రైతు ఏమంటాడో పత్రికలో రాయలేం. మృగశిరలో పడాల్సింది పడదు, పడకూడనప్పుడు కుండపోత. ఈ గందరగోళంలో మన దుద్యాల రైతు పాపం ఎంత? వాడి ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఊరికి పోవాలంటే ఆర్టీసీ బస్సు. పొగ ఒకరిది, పూత రాలేది ఇంకొకరి చేనులో. ఈ లెక్క సరిచేయండని అడగడమే వాతావరణ న్యాయం. చూశారా, చాయ్ కాగేలోపే అయిపోయింది.

ఇప్పుడు పిల్లల దగ్గరికి వద్దాం. 2021లో ‘లాన్సెట్’ వాళ్ల పత్రికలో వచ్చిన ఒక సర్వే పది దేశాల్లో పదివేల మంది యువతను పలకరించింది. 16 నుంచి 25 ఏళ్ల లోపువాళ్లు, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. భూమి ఇలా వేడెక్కిపోతుంటే మీకెలా ఉందంటే, 59 శాతం మంది బాగా దిగులుగా ఉందన్నారు. సగానికి కాస్త తక్కువ మంది ఆ దిగులు తమ రోజువారీ పనుల మీద పడుతోందన్నారు. మనం వాళ్ల వయసులో దేనికి దిగులుపడ్డాం? ఇంటర్ ఫలితాలకు, మహా అయితే పక్క వీధి అమ్మాయి పెళ్లి కుదిరిందని. ఈ పిల్లలు రుతువుల కోసం దిగులుపడుతున్నారు.

మరి ఆ దిగులు ఏం చేసుకోవాలి? ఫోనులో పెట్టుకుని రాత్రంతా పైకీ కిందికీ జరుపుతూ పోతే అది పెరుగుతుంది. కొంతమంది దాన్ని పట్టుకుని రోడ్డెక్కారు. ఏ రోడ్డంటారా? మనదే. 163వ నంబరు జాతీయ రహదారి. కొడంగల్ నుంచి హైదరాబాద్, వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లో భూపాలపట్నం దాకా పోతుంది. మనం మాత్రం ఈ ముక్కను బీజాపూర్ రోడ్డు అనే అంటాం. మొయినాబాద్ దాటాక రెండు పక్కలా మర్రిచెట్లు పందిరి వేసి ఉంటాయి. నిజాం కాలంలో నాటారని చెప్పుకుంటారు. మేనెలలో కూడా కిటికీ పక్కన కూర్చున్నవాడి మీద ఆ నీడ పడగానే కళ్లు మూతలు పడతాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల మేర రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. ఆ దారిలో ఉన్న మర్రులు తొమ్మిది వందలకు అటూఇటూ.

వాటిని కాపాడాలని హైదరాబాద్ ప్రకృతి ప్రేమికులు కొందరు, వాళ్లతో పాటు బోలెడు మంది కుర్రకారు బయలుదేరారు. నినాదాల కంటే ముందు వాళ్లు చేసిన పని నాకు నచ్చింది: చెట్లను లెక్కపెట్టారు.

లెక్కపెట్టడం అంటే తేలిక అనుకునేరు. మామూలు చెట్టయితే మనిషి రొమ్ము ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటారు. మర్రి దగ్గర ఆ పప్పులుడకవు. ఊడలు దిగి అవే మొదళ్లయి కూర్చుంటాయి. అసలు మొదలేది, ఊడ ఏది? ఇద్దరు టేపు పట్టుకుని చుట్టూ తిరుగుతారు, మూడోవాడు గొంతు పెంచి అంకె చెప్తాడు, నాలుగో అమ్మాయి ఫోనులో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఎక్కించుకుని నంబరు వేస్తుంది. పక్కనే లారీ హారన్ కొట్టుకుంటూ పోతే అంకె వినపడదు, మళ్లీ మొదలు. కొమ్మల్లో గూడుందా, తొర్ర ఉందా, ఏ పిట్ట కాయ తింటోందో అదీ రాసుకోవాలి. మర్రికాయలో ఒక చిత్రం ఉంది, తెలుసా? ఆ కాయ లోపలే పూలుంటాయి. వాటికి పుప్పొడి అంటించడానికి మర్రికే ప్రత్యేకంగా చీమతలంత కందిరీగ ఒకటుంది. అది లేకపోతే మర్రికి గింజ కట్టదు, మర్రి లేకపోతే దానికి పుట్టిల్లే లేదు. ఒక కుర్రాడు కాయ విప్పి అరచేతిలో పెట్టి చూపిస్తే, బుడ్డోడిలా కళ్లు చికిలించి చూశాను.

అలాంటి పని జరుగుతుంటే ఊరివాళ్లు చుట్టూ మూగకుండా ఉంటారా? మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన ఆగాడు.

“ఏం లెక్క వెడుతున్రు బిడ్డా? కొట్టనీకె గుర్తు వెడుతున్రా?”

“కాదు తాతా, కొట్టొద్దని అడగనీకి లెక్క కావాలె.”

“గట్లనా? అయితె గా మూలమలుపు కాడ ఇంకోటుండె. మా నాయన దాన్కిందనే బండ్లు ఆపేటోడు. గది రాసిన్రా?”

రాయలేదట. నలుగురూ మేకల వెనకే నడిచారు. ఆ నిమిషంలో లెక్క వాళ్లొక్కరిది కాకుండా పోయింది. నమ్మకం అంటాం చూడండి, అది నాకు అక్కడ కళ్లకు కట్టింది. భవిష్యత్తు బాగుంటుందని ఎవరో చెప్తే వచ్చేది కాదది. మన పనిలో ఇంకో మనిషి చెయ్యి పడ్డప్పుడు వస్తుంది.

మర్రి విషయంలో మన పాలమూరోళ్లకు అనుభవం ఉంది లెండి. జిల్లాలు విడదీయకముందు మనదీ ఆ జిల్లానే కదా. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడొందల ఏళ్లంటారు. చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ కూలితే, మరుసటేడు దానికి ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు వేలాడదీశారు. చుక్క చుక్కగా చెదల మందు ఎక్కించారు. దేశమంతా ఆ ఫొటో చూసి ముక్కున వేలేసుకుంది. చెట్టు బతికింది.

బీజాపూర్ రోడ్డు మర్రుల వ్యవహారం చెన్నైలో ఉన్న హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. వాయిదాలు, నివేదికలు, ఏళ్లు గడిచాయి. చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని వేళ్లతో సహా పెకలించి వేరేచోట నాటేలా రోడ్డు నమూనా మారింది. 2025 అక్టోబరు చివర్లో పనులకు దారి తెరుచుకుంది. ఇక్కడ కథ ఆపేస్తే మీరు చప్పట్లు కొట్టి ఇళ్లకు పోవచ్చు. ఆపలేను.

2025 నవంబర్ 3, సోమవారం పొద్దున. తాండూరు డిపో బస్సు హైదరాబాద్ పోతోంది. చదువులకు, కొలువులకు పోయే జనంతో నిండి ఉంది. చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఎదురొచ్చి గుద్దింది. కంకరంతా బస్సు మీద పడింది. 19 మంది పోయారు. తాండూరులో ఒకే ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ఆ వారం మన బజార్లో మాట పెగల్లేదు మీకు, నాకు.

తర్వాత మాటలు పెగిలాయి. “చెట్లు, చెట్లు అని రోడ్డు ఆపిరి. ఇప్పుడు ఎవలు జవాబు చెప్తరు?” ఈ మాట హోటళ్లలో విన్నాను, బస్సుల్లో విన్నాను. ఆ బస్సులో బిడ్డను పంపిన తండ్రి ముందు నిలబడి కందిరీగ గురించి ఎవరు చెప్పగలరు?

నిజానిజాలు వేరే ఉన్నాయి. ఆ పిల్లలు రోడ్డు వద్దనలేదు. చెట్లను మధ్యలో విభాగినిగా వదిలి అటూఇటూ దారి వేయొచ్చు, కొన్నిచోట్ల పక్కకు మళ్లించొచ్చు అన్నారు. వాయిదాల్లో గడిచిన కాలానికి ఎందరో కారణం. టిప్పర్లు ఎంత ఎత్తున కంకర నింపుకుపోతున్నాయో, ఎంత వేగంగా పోతున్నాయో చూడాల్సింది మర్రిచెట్టు కాదు. ఇవన్నీ వాదనలుగా సరైనవే. అయినా దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర వాదన గెలవడం అనేది ఒకటుండదు.

నాకు అనిపించేది ఒకటుంది, మీ ముందు పెడతాను. రోడ్డు మీద నడిచే ఉద్యమానికి బస్సులో కూర్చునే మనిషి కూడా సొంత మనిషే కావాలి. చెట్టు కొట్టొద్దనే కాగితంలోనే కంకర టిప్పర్లకు కళ్లెం, మలుపుల దగ్గర హెచ్చరిక దీపాలు, పొద్దుటి వేళ అదనపు బస్సులు అని రాసి ఉంటే, ఆ కాగితం మీద తాండూరు తల్లిదండ్రులు కూడా సంతకం పెట్టేవాళ్లు. అప్పుడు చెట్టుకూ బస్సుకూ జగడం పెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. న్యాయం అనే మాట పక్కన చేర్చుకున్నాక వాతావరణ ఉద్యమం తప్పించుకోలేని పని ఇది: మనవాళ్లు ఎవరంటే చెప్పే జాబితాను రోజురోజుకూ పొడిగించుకుంటూ పోవాలి.

ఓడిన సంగతి కూడా చెప్పుకోవాలి కదా. వికారాబాద్ పక్కన, పూడూరు మండలంలో దామగుండం అడవి. రామలింగేశ్వరస్వామి గుడి, గుండం, చుట్టూ అడవి. అటు అనంతగిరి కొండల్లో మూసీ పుడుతుంది. సముద్రంలో మునిగి తిరిగే జలాంతర్గాములతో మాట్లాడే నౌకాదళ రేడియో కేంద్రానికి అక్కడ 2,900 ఎకరాలు ఇచ్చారు. తమిళనాడు తిరునెల్వేలి తర్వాత దేశంలో ఇది రెండోది. 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. దేశ రక్షణకు కావాలని వాళ్లన్నారు, మూసీ పుట్టిల్లు అని పిల్లలన్నారు. పిల్లలు ఓడారు. ఆదివారాలు బస్సెక్కి వచ్చి, ఊరి పశువుల కాపర్ల వెంట అడవిలో తిరిగి చెట్లూ చేమలూ రాసుకున్నవాళ్లు ఏమయ్యారనుకున్నారు? ఇళ్లకు పోయి దుప్పటి ముసుగేశారనుకున్నారా?

ఆరు నెలలు తిరక్కుండానే కంచ గచ్చిబౌలి వచ్చింది. 2025 మార్చి 30, ఉగాది. మనం ఇక్కడ పచ్చడి నాకి పంచాంగం వింటుంటే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల్లో జేసీబీలు దిగాయి. విద్యార్థులు అడ్డం పడ్డారు, పోలీసులు ఎత్తుకెళ్లారు. రాత్రి చీకట్లో నెమళ్లు అరుస్తున్న వీడియోలు ఊరూరా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను కల్పించుకుని పనులు ఆపించింది. అప్పటికే వంద ఎకరాల దాకా చదును చేశారు. ఆ కోర్టు ఆ తర్వాత కూడా అడవిని మళ్లీ పెంచే సంగతి చెప్పమని ప్రభుత్వాన్ని నిలదీసింది. ముఖ్యమంత్రిగారు మన కొడంగల్ ఎమ్మెల్యేనే కాబట్టి మన చాయ్ హోటల్లో ఆ వారమంతా రెండు పార్టీలు. ఒకాయన “భూమి సర్కారుదే కదా, కొలువులొస్తయి” అంటాడు. ఇంకొకాయన “నెమళ్లకు పట్టా ఎవడియ్యాలె” అంటాడు. హోటలాయనకు మాత్రం గిరాకీ బాగైంది.

ఒకచోట ఓటమి, ఒకచోట నిలుపుదల, ఒకచోట సగం సగం. ఈ మూడింటిలో ఏదో ఒకటి గెలుస్తుందనే భరోసాతో పిల్లలు వచ్చి ఉంటే మొదటి దానికే చల్లబడేవాళ్లు. వాళ్లను నిలబెట్టింది పక్కవాళ్లు. ఎండలో టేపు పట్టుకున్న జోడీ, జామీను కోసం తెల్లారిందాకా ఠాణా బయట కూర్చున్న సీనియర్, “తిన్నారా బిడ్డా” అని జొన్నరొట్టె మీద కారం వేసి చేతిలో పెట్టిన ఊరి అమ్మ. ఒంటరిగా మోస్తే కుంగదీసే దిగులు నలుగురు పట్టుకుంటే పని అవుతుంది.

ఇక మన ఇంటి ముచ్చట, అందరం గొంతు తగ్గించి మాట్లాడుకునే ముచ్చట. లగచర్ల. ఫార్మా పరిశ్రమలకు భూములు తీసుకుంటామంటే దుద్యాల మండలం ఊళ్లూ తండాలూ భగ్గుమన్నాయి. 2024 నవంబర్ 11న అభిప్రాయ సేకరణకు వచ్చిన కలెక్టర్ మీద, అధికారుల మీద దాడి జరిగింది. అది తప్పే. ఆ రాత్రి నుంచి అరెస్టులు, మగవాళ్లు ఊళ్లు విడిచిపోవడం. రోటిబండ తండా లంబాడీ ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు తమ గోడు చెప్పుకున్నారు. నవంబర్ ఆఖరుకు సర్కారు ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది, తర్వాత పారిశ్రామిక పార్కు అంది. మాట ఇంకా తెగలేదు.

ఈ తండా ఆడవాళ్లు వాతావరణం అనే మాట ఎత్తలేదు. భూమి అన్నారు, ఆ మందుల కంపెనీల నీళ్లు తాగలేమన్నారు. గచ్చిబౌలి పిల్లలు భూమి అనే మాట తక్కువెత్తారు, వాతావరణం అన్నారు. రెండూ ఒకటేనని కొందరు కుర్రవాళ్లకు తట్టింది. పట్నంలో చెట్టు కోసం నిలబడ్డవాడు మన ఎర్రమట్టి దారిలో తండాకు నడిచొస్తే, అక్కడి అవ్వ వాడికి చెప్పే పాఠం ఏ కాలేజీలోనూ లేదు. అప్పుడు వాడికి కూడా తెలుస్తుంది, తన దిగులు అవ్వ దిగులుకు చిన్న తమ్ముడని.

పాఠం అంటే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ గుర్తొచ్చింది. తాండూరుకు పెద్ద దూరమేం కాదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని 1983 నుంచి ఉంది. అక్కడి సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు, చదువుకోనివాళ్లు. కొర్ర, సామ, పచ్చజొన్న, కంది, అనుములు కలిపి ఒకే చేనులో వేస్తారు. వాన అటూఇటూ అయినా ఏదో ఒకటి చేతికొస్తుంది. వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం అని శాస్త్రవేత్తలు ఇప్పుడంటున్నది వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్లలో విత్తనాలు పేర్చుకుని ఊరూరా పచ్చపంటల జాతర తీస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన పిల్లల్ని ఎక్కడికన్నా పంపాలనుకుంటే నేను ముందు ఆ బండ్ల వెనక పంపిస్తాను.

లోకం కూడా ఇలాగే నడుస్తోంది. పసిఫిక్ సముద్రంలో దీవులున్నాయి, సముద్రం పెరిగితే మునిగేవి. 2019లో అక్కడి విశ్వవిద్యాలయంలో లా చదివే 27 మంది పిల్లలు క్లాసులో కూర్చుని ఒక ఆలోచన చేశారు: దేశాలు వాతావరణాన్ని పాడుచేస్తే చట్టం ఏమంటుందో ప్రపంచ న్యాయస్థానాన్నే అడిగితే పోలా? పెద్దలు నవ్వారు. వనువాటు అనే బుల్లి దేశం నవ్వలేదు. 2023లో ఐరాస సర్వసభ్య సభ ఆ ప్రశ్నను హేగ్ కోర్టుకు పంపింది. 2025 జూలై 23న న్యాయమూర్తులు జవాబిచ్చారు, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత అని. మన సుప్రీంకోర్టు కూడా 2024లో బట్టమేక పక్షి కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పౌరుల హక్కేనని చెప్పింది. ఆ కేసు పక్షికీ సౌరవిద్యుత్తు తీగలకూ మధ్య నడిచింది. అంటే రెండు పక్కలా పచ్చదనమే. చెట్టు, బస్సు చిక్కుముడి మన ఒక్కరిదే కాదని తెలిసి నాకు కాస్త ఊరట కలిగింది.

సరే, చాయ్ చల్లారకముందే అసలు పని మాట. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. అలాంటి పెద్ద గని గానీ ఫ్యాక్టరీ గానీ కొత్తగా వచ్చినా, పెరిగినా చాలాసార్లు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కనీసం ముప్పై రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ ప్రకటన ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మనం క్రికెట్ పేజీ చూసి మడిచేస్తాం. హరిత ట్రిబ్యునల్లో నష్టపరిహారం అడగని అర్జీకి రుసుము వెయ్యి రూపాయలే. చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి. మన గ్రామపంచాయతీలో జీవవైవిధ్య కమిటీ, దానికొక రిజిస్టరు ఉండాలని చట్టం చెప్తోంది. మీ ఊళ్లో ఆ రిజిస్టరు ఎవరి బీరువాలో ఉందో ఎప్పుడైనా అడిగారా? పిల్లలు అడుగుతున్నారు. కార్యదర్శి విసుక్కుంటాడు. పక్కన ఒక నెరిసిన తల నిలబడితే అదే కార్యదర్శి కుర్చీ చూపిస్తాడు, అది నేను చూశాను.

కాబట్టి ఈసారి మీ మనవడో మనవరాలో “తాతా, సంతకం పెట్టు” అని కాగితం పట్టుకొస్తే, పెట్టి పంపించేయకండి. మొత్తం చదవండి. అందులో బస్సువాళ్లు ఉన్నారా, తండావాళ్లు ఉన్నారా, కంది రైతు ఉన్నాడా అడగండి. లేకపోతే చేర్చమనండి. ఉంటే, చెప్పులు వేసుకుని వాళ్ల వెంట ఎంపీడీవో ఆఫీసుకు బయలుదేరండి. పదకొండు దాటితే సారు దొరకడు.